విశ్రాంతి దినం వెనక ఉన్న హీబ్రూ మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రసంగంలో "హీబ్రూలో దీని అసలు అర్థం ఏమిటంటే" అనే మాట వినపడగానే అందరూ పెన్నులు తీస్తారు. ఇంటికెళ్లాక సందేహాలు మొదలవుతాయి. బైబిల్ స్టడీల్లో, యూత్ మీటింగుల్లో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో విశ్రాంతి దినం (వారంలో ఏడో రోజు, హీబ్రూలో షబ్బాత్, మన వాడుకలో సబ్బాతు) గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నల్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ రోజు ఆచరించాలి, ఏ సంఘం కరెక్టు అన్న గొడవలోకి ఎక్కువ వెళ్లను. మాటల సంగతి మాత్రం తేల్చుకుందాం, ఎందుకంటే తెలుగులో మనం "విశ్రాంతి" అనే ఒక్క మాటతో చదివేసే చోట హీబ్రూలో కనీసం నాలుగు వేర్వేరు మాటలున్నాయి.

షబ్బాత్ అంటే విశ్రాంతి అనేగా అర్థం?

సగం అవును. షబ్బాత్ అనే నామవాచకానికి దగ్గరి క్రియ షావత్. దాని మొదటి అర్థం ఆగిపోవడం, మానేయడం. అలసట తీరడం, పడుకోవడం, సేదదీరడం లాంటివి ఆ క్రియలో సహజంగా లేవు, సందర్భాన్ని బట్టి తర్వాత చేరతాయి.

నమ్మకం కుదరకపోతే ఈ క్రియ ఇంకెక్కడ వచ్చిందో చూడండి. జలప్రళయం అయ్యాక వెదకాలం, కోతకాలం, శీతోష్ణాలు, రాత్రింబగళ్లు "ఉండక మానవు" అని దేవుడు అనుకుంటాడు (ఆదికాండము 8:22). ఆ "మానవు" దగ్గర ఉన్నది షావత్. కనాను పంట తిన్న మర్నాడే మన్నా (అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం) ఆగిపోయింది (యెహోషువ 5:12), అక్కడా అదే క్రియ. మన్నాకు అలసట ఏముంటుంది చెప్పండి. యోబుతో వాదించి వాదించి ముగ్గురు స్నేహితులూ జవాబివ్వడం మానేశారు (యోబు 32:1), అదే. గోడ కడుతున్న నెహెమ్యా, మీ దగ్గరికి రావడానికి ఈ పని ఎందుకు ఆగిపోవాలి అని శత్రువులకు కబురు పంపాడు (నెహెమ్యా 6:3), అదే. నలభై ఆరో కీర్తనలో దేవుడు "యుద్ధములు మాన్పువాడు", అక్కడ ఇదే క్రియ ప్రేరణార్థకంలో, అంటే "ఆగేలా చేయడం" అన్న రూపంలో ఉంది.

ఇప్పటి ఇజ్రాయెల్‌లో కార్మికులు సమ్మె చేస్తే దాన్ని షెవితా అంటారు. ఇదే ధాతువు. మన దగ్గర బంద్ అన్నప్పుడు ఎవరూ "ఆహా, విశ్రాంతి" అనుకోరు, షట్టర్లు దించేయడమే గుర్తొస్తుంది కదా, షావత్ అనే క్రియ కూడా అంతే సూటిగా ఉంటుంది.

అంటే దేవుడు అలసిపోయి విశ్రమించాడన్నది తప్పా?

ఆదికాండము 2:2లో అలసట అన్న ఊసే లేదు. హీబ్రూలో అలసటకు వేరే మాటలున్నాయి. యెషయా 40:28లో "ఆయన సొమ్మసిల్లడు అలయడు" అన్నచోట ఆ మాటలే వాడి, దేవుడికి అవి వర్తించవని తేల్చేశాడు. ఆదికాండంలో ఉన్నది వయ్యిష్బోత్, "ఆపాడు" అని. పని పూర్తయింది, ఆపాడు. "విశ్రమించెను" అన్న తెలుగు తప్పని నేననను, కానీ ఆ మాట వినగానే మనకు మధ్యాహ్నం భోజనం చేసి మంచం ఎక్కినట్టు అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

పూర్వకాలపు అనువాదకులకు ఇదే వాక్యంలో ఇంకో ఇబ్బంది ఎదురైంది. హీబ్రూలో దేవుడు "ఏడవ దినమున" పని ముగించాడని ఉంటుంది. మరి ఏడో రోజు కూడా కొంత పని చేసినట్టేనా? క్రీస్తుకు పూర్వం గ్రీకులోకి అనువదించినవాళ్లు దాన్ని "ఆరవ దినమున" అని మార్చి ఊపిరి పీల్చుకున్నారు. మన తెలుగు అనువాదం "యేడవదినములోగా" అని తెలివిగా దాటేసింది.

పది ఆజ్ఞల్లో కూడా "విశ్రమించెను" అనే ఉంది. అదీ షావతేనా?

కాదు. నిర్గమకాండము 20:11లో ఉన్నది నూఅఖ్ అనే క్రియ. దానికి కుదురుకోవడం, ఒకచోట వచ్చి నిలవడం అని అర్థం. ఓడ అరారాతు కొండల మీద నిలిచింది (ఆదికాండము 8:4), నూఅఖ్. మిడతలు ఐగుప్తు అంతటా వాలాయి (నిర్గమకాండము 10:14), అదీ నూఅఖే, అక్కడ ప్రశాంతత ఏమీ లేదు పాపం. నోవహు వదిలిన పావురానికి కాలు మోపే చోటు దొరకలేదు (8:9), ఆ "చోటు" మానోఅఖ్, ఇదే ధాతువు నుంచి వచ్చిన నామవాచకం.

నాకు బాగా నచ్చేది ఆదికాండము 2:15. దేవుడు మనిషిని తోటలో "ఉంచాడు" అని మనం చదువుతాం. అంతకుముందు 2:8లోనూ "ఉంచాడు" అనే ఉంది. కానీ హీబ్రూలో రెండు చోట్లా ఒకే క్రియ లేదు. 8లో మామూలుగా పెట్టడం. 15లో మాత్రం నూఅఖ్ ప్రేరణార్థకం, కుదురుగా ఉండేలా చేశాడని. ఆ వెంటనే ఏముంది? తోటను సేద్యం చేయడానికి, కాపాడడానికి. అంటే ఈ "కుదురు"కీ పనికీ శత్రుత్వం లేదు.

షావత్ అంటే ఒక పనిని ఆపడం, నూఅఖ్ అంటే ఒక స్థితిలో కుదురుకోవడం. మొదటిది ఒక్క క్షణంలో జరిగిపోతుంది. రెండోది కొనసాగుతుంది.

నిర్గమకాండము 31:17లో దేవుడు "సేదదీరాడు" అని ఉందని ఒక పాస్టర్ గారు చెప్పారు. నిజమా?

నిజమే. ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఆశ్చర్యపెట్టే మాట ఇదే. ఆ వచనంలో రెండు క్రియలున్నాయి, ఒకటి షావత్, దాని పక్కన వయ్యిన్నాఫష్. ఇది నెఫెష్ అనే నామవాచకానికి చుట్టం. నెఫెష్‌ను మనం ఎక్కువగా "ప్రాణము" అని చదువుతాం, హీబ్రూలో దానికి గొంతు, ఊపిరి, జీవం అన్న అర్థాలన్నీ ఉన్నాయి. కాబట్టి ఈ క్రియ అర్థం ఊపిరి తీసుకోవడం, ప్రాణం లేచిరావడం.

పాత నిబంధన మొత్తంలో ఈ క్రియ మూడేమూడు సార్లు వస్తుంది. ఒకటి 2 సమూయేలు 16:14. అబ్షాలోము తిరుగుబాటు చేస్తే దావీదు యెరూషలేము వదిలి పారిపోతున్నాడు, దారిపొడుగునా షిమీ అనేవాడు కొండ పక్కనే నడుస్తూ శపిస్తూ రాళ్లు రువ్వుతూ దుమ్ము ఎగజల్లుతున్నాడు, రాజూ జనమూ బడలిపోయి ఒకచోటికి చేరి అక్కడ ఊపిరి తీసుకున్నారు. ఈ క్రియ ఎలాంటి మనిషికి సరిపోతుందో ఆ దృశ్యం చూస్తే తెలుస్తుంది.

రెండోది నిర్గమకాండము 23:12. అక్కడ ఒకే వాక్యంలో మూడు క్రియలు వరసగా ఉన్నాయి. ఏడో రోజు నువ్వు పని ఆపు, షావత్. ఎందుకంటే నీ ఎద్దూ గాడిదా కుదుటపడాలి, నూఅఖ్. నీ దాసి కొడుకూ పరదేశీ ఊపిరి తీసుకోవాలి, నాఫష్. తెలుగులో చదువుకుపోతే ఈ తేడా పట్టుకోవడం కష్టం. ఇంకోటి గమనించండి, ఆజ్ఞ యజమానికి, ఫలితం మాత్రం తనంతట తాను పని ఆపుకోలేనివాళ్లకి. దాసి కొడుకు "ఇవాళ రాను" అనలేడు. యజమాని ఆపితేనే వాడికి ఊపిరాడేది.

మూడోది ఈ 31:17, ఇక్కడ కర్త దేవుడు. అలయని దేవుడికి ఈ మాట ఎందుకు వాడారని వ్యాఖ్యాతలు రకరకాలుగా వివరించారు. మనుషులకు అర్థమయ్యేలా మనుషుల భాషలో చెప్పారన్నది యూదు వ్యాఖ్యానంలో పాత జవాబు. నాకైతే ఇంకో సంగతి కనిపిస్తుంది. దాసి కొడుక్కి వాడిన క్రియనే సృష్టికర్తకీ వాడిన పుస్తకం ఇది. రాజు దావీదు మధ్యలో ఉన్నాడు.

ఆదికాండంలో షబ్బాత్ అనే మాట ఉందా?

నామవాచకంగా లేదు. క్రియ మాత్రమే ఉంది. షబ్బాత్ అన్న పేరు మొదటిసారి కనిపించేది నిర్గమకాండము 16:23లో, మన్నా సందర్భంలో. ఆరో రోజు తలకి రెండు ఓమెర్ల (ఓమెర్ అంటే ఒక కొలత) చొప్పున ఏరుకోవడం, కాల్చుకునేది కాల్చుకుని వండుకునేది వండుకుని మిగిలింది మర్నాటికి దాచుకోవడం, ఆ రోజు మాత్రం అది కంపు కొట్టకపోవడం, అదంతా అక్కడే. సీనాయి దగ్గర పది ఆజ్ఞలు రావడానికి ముందే ఇది జరిగిందన్నది చాలామంది గమనించరు.

అబ్రాహాము సబ్బాతు ఆచరించాడా?

ఆచరించినట్టు ఆదికాండంలో ఎక్కడా రాయలేదు. అంతకుమించి మాటల్ని బట్టి చెప్పగలిగింది లేదు.

షబ్బాత్ అంటే "ఏడు" అని అర్థమట కదా?

కాదు. ఏడు అంటే షెవా. రెండూ వినడానికి దగ్గరగా ఉంటాయి, పైగా షబ్బాత్ ఏడో రోజే కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. షబ్బాత్ అక్షరాలు షిన్, బేత్, తావ్. షెవా అక్షరాలు షిన్, బేత్, ఆయిన్. చివరి అక్షరం వేరు, ధాతువు వేరు. ఆదికాండం రాసినాయన ఈ శబ్దాల పోలిక తెలిసే ఆడుకున్నాడేమో అనుకోవచ్చు, ఎందుకంటే 2:2, 3 వచనాల్లో "ఏడవ దినము" అని మూడుసార్లు వస్తుంది. ఆడుకోవడం వేరు, అర్థం ఒకటవడం వేరు.

"షబ్బాత్ షబ్బాతోన్" అంటే ఏమిటి?

షబ్బాతోన్ అంటే పూర్తిగా పని ఆపివేసిన రోజు అన్నట్టు. రెండూ కలిపితే నొక్కి చెప్పడం, "ఖచ్చితంగా, పూర్తిగా బంద్" అని. వారం వారం వచ్చే విశ్రాంతి దినానికీ (నిర్గమకాండము 31:15), ప్రాయశ్చిత్త దినానికీ (లేవీయకాండము 16:31), ఏడో ఏట పొలానికీ (25:4) ఈ జోడు మాట వాడారు. బూరల పండుగకూ పర్ణశాలల పండుగ మొదటి, ఎనిమిదో రోజులకూ ఒట్టి షబ్బాతోన్ మాత్రమే ఉంది (23:24, 39). కాబట్టి లేవీయకాండంలో ప్రతి పండుగనీ "సబ్బాతు" అనేయడం అంత కచ్చితంగా ఉండదు.

ఏ "పని" చేయకూడదు? వంట చేయొచ్చా, ఆఫీసు మెయిల్ చూడొచ్చా?

ఇది నిజంగా టెన్షన్ పెట్టే ప్రశ్న, జవాబు కొంచెం పొడుగు. ఆజ్ఞలో ఉన్న మాట మెలాఖా. హీబ్రూలో కష్టపడి చేసే చాకిరీకి మామూలుగా వాడేది అవోదా, ఐగుప్తులో ఇటుకలు చేయించిన వెట్టికి అదే మాట. మెలాఖా అలా కాదు. అది ఒకరి చేతికి అప్పగించిన పని, నైపుణ్యంతో ఒక వస్తువునో ఫలితాన్నో తెచ్చే పని. దూతకు హీబ్రూలో మలాఖ్ అంటారు, పంపబడినవాడు అని. మెలాఖా దాని చుట్టమే. యోసేపు పోతీఫరు ఇంట్లోకి తన పని మీద వెళ్లాడు (ఆదికాండము 39:11), అది మెలాఖా. నీ వృత్తి ఏమిటి అని ఓడవాళ్లు యోనాను అడిగింది కూడా మెలాఖా గురించే.

ఆదికాండము 2:2లో దేవుడు ముగించిన పనీ మెలాఖాయే. ప్రత్యక్షగుడారం (అరణ్యంలో ఆరాధనకు కట్టిన గుడారం) పనికీ అదే మాట, నిర్గమకాండము 40:33లో మోషే పని "సంపూర్తి చేసెను" అన్నచోట ఆదికాండంలోని క్రియే మళ్లీ వస్తుంది. పైగా 31వ అధ్యాయంలో బెసలేలుకు గుడారం పని అప్పగించడం అయిపోగానే, ఊపిరి తిప్పుకోకుండా విశ్రాంతి దినం గురించి హెచ్చరిక మొదలవుతుంది. ఆ రెండూ పక్కపక్కన ఎందుకున్నాయని రబ్బీలు (యూదు మత పండితులు) ఆలోచించి, గుడారం కట్టడానికి అవసరమైన పనులే నిషేధించిన పనులని తీర్మానించారు. మిష్నా అనే పాత యూదు నియమాల సంకలనంలో షబ్బాత్ అనే భాగంలో ఆ జాబితా ఉంది, "నలభైకి ఒకటి తక్కువ", అంటే 39.

అందులో మొదటి పదకొండూ చదివితే పల్లెటూళ్లో పుట్టినవాళ్లకి ముచ్చటేస్తుంది: విత్తడం, దున్నడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, ఏరడం, విసరడం, జల్లించడం, పిండి కలపడం, కాల్చడం. విత్తనం నుంచి రొట్టె దాకా వరస. విత్తాక దున్నడమేమిటని మీకు వచ్చిన అనుమానమే తల్మూదు (మిష్నా మీద చర్చల గ్రంథం) పండితులకూ వచ్చింది, ఆ దేశంలో విత్తాక మళ్లీ దున్నుతారని వాళ్లే జవాబిచ్చారు. విశ్రాంతి దినాన యేసు శిష్యులు వెన్నులు తుంచితే పరిసయ్యులకు (నియమాలు కచ్చితంగా పాటించే యూదు వర్గానికి) అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. తుంచడం అంటే కోత కింద లెక్క, లూకా 6:1లో ఉన్నట్టు చేతులతో నలపడం అంటే నూర్పిడి కింద లెక్క.

బరువు, శ్రమ ఇక్కడ కొలత కాదు. రెండు అక్షరాలు రాయడం ఆ జాబితాలో ఉంది. ఇంట్లో బరువైన బల్లను పక్కకు జరపడం అందులో లేదు. మెయిల్ సంగతి మీరే తేల్చుకోండి.

వంట విషయానికొస్తే, విశ్రాంతి దినాన ఇళ్లలో మంట పెట్టకూడదని నిర్గమకాండము 35:3లో ఉంది, వంట ముందురోజే. పస్కా లాంటి పండుగ రోజుల్లో మాత్రం తినడానికి కావలసింది సిద్ధం చేసుకోవచ్చు (12:16). లేవీయకాండము 23 ఈ తేడాను మాటల్లోనే చూపిస్తుంది. పండుగల దగ్గర "మెలెఖెత్ అవోదా", అంటే జీవనోపాధి చాకిరీ, వద్దంటుంది. వారపు విశ్రాంతి దినానికీ ప్రాయశ్చిత్త దినానికీ "ఏ మెలాఖా కూడా" వద్దంటుంది.

ఒకచోట "జ్ఞాపకముంచుకో", ఇంకోచోట వేరేలా ఉందేమిటి?

నిర్గమకాండము 20:8లో జాఖోర్, గుర్తుంచుకో. ద్వితీయోపదేశకాండము 5:12లో షామోర్, జాగ్రత్తగా కాపాడుకో. కారణాలూ వేరు. మొదటిదానికి కారణం సృష్టి. రెండోదానికి కారణం ఐగుప్తు, నువ్వూ ఒకప్పుడు దాసుడివే కదా, నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి అని. శుక్రవారం సాయంత్రం యూదుల ఇళ్లలో వెలిగించే రెండు దీపాలు ఈ రెండు మాటలకీ గుర్తు అని చెప్పుకుంటారు.

ఐగుప్తు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. నిర్గమకాండము 5:5లో ఫరో మోషే అహరోనుల మీద మండిపడతాడు, మీరు ఈ జనాన్ని వాళ్ల భారాలనుంచి ఆపేస్తున్నారని. ఆ "ఆపేస్తున్నారు" అన్నది షావత్ ప్రేరణార్థకమే. పుస్తకంలో షబ్బాత్ అన్న పేరు ఇంకా పుట్టలేదు, క్రియ మాత్రం ఫరో నోట్లో నేరారోపణగా వచ్చేసింది. వెంటనే గడ్డి ఇవ్వడం ఆపి, ఇటుకల లెక్క మాత్రం తగ్గించొద్దన్నాడు. ఈ ఒక్క వచనం చాలు, ఐదో అధ్యాయం నుంచి పదహారో అధ్యాయం దాకా కథ దేనిగురించో తెలియడానికి.

వ్యవసాయం వాళ్లకి సీజన్లో మినహాయింపు ఉందా?

లేదు. నిర్గమకాండము 34:21 సరిగ్గా దాన్నే పట్టుకుంది, దున్నే కాలంలోనూ కోతకాలంలోనూ కూడా ఆపాల్సిందే. ఒక్క వచనంలో షావత్ రెండుసార్లు. వాన ముంచుకొస్తుంటే కోత ఆపడం ఎంత కష్టమో రైతుకే తెలుసు, ఆ మాట రాసినవాళ్లకీ తెలుసు కాబట్టే విడిగా రాశారు.

భూమికి విశ్రాంతి, షెమిట్టా, యోవేలు, ఇవన్నీ ఒకటేనా?

చుట్టాలే కానీ ఒకటి కాదు. ఏడో ఏట పొలం దున్నకుండా వదలడానికి లేవీయకాండము 25 "భూమికి షబ్బాత్" అంటుంది. షెమిట్టా అంటే చేతిలోంచి వదిలేయడం, ద్వితీయోపదేశకాండము 15లో అది అప్పులు వదిలేయడం. ఏడు ఏళ్ల షబ్బాతులు ఏడు అయ్యాక 50వ ఏడు యోవేల్, పొట్టేలు కొమ్ము బూర ఊదే సంవత్సరం, అమ్ముకున్న పొలాలు తిరిగి సొంతవాళ్లకి చేరాలి. ఇజ్రాయెల్‌లో షెమిట్టా ఇప్పటికీ లెక్కపెడతారు, మొన్నటిది 2021 సెప్టెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా.

23వ కీర్తనలో "శాంతికరమైన జలములు" కూడా ఇదేనా?

అవును, నూఅఖ్ వైపు నుంచి. అక్కడ ఉన్నది "మే మెనూఖోత్", కుదుటపడే చోట ఉన్న నీళ్లు. మెనూఖా అంటే చేరుకున్న చోటు, స్థిరపడిన ఉనికి. నయోమి తన కోడళ్లకు మళ్లీ పెళ్లయి మరో ఇంట మెనూఖా దొరకాలని దీవిస్తుంది (రూతు 1:9), అంటే కాపురం కుదురుకోవాలని. మన అమ్మమ్మలు "పిల్ల ఓ ఇంటిదైతే చాలు" అన్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కనాను దేశాన్ని మెనూఖా అంటుంది ద్వితీయోపదేశకాండము 12:9. "వీరెన్నడును నా విశ్రాంతిలో ప్రవేశింపకూడదు" అన్న 95వ కీర్తన చివరి మాట కూడా మెనూఖాయే, దాని నేపథ్యం అరణ్యంలో చచ్చిపోయిన తరం.

హెబ్రీయులకు 4:9లో "విశ్రాంతి నిలిచియున్నది" అన్నది ఏ విశ్రాంతి?

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఆ పత్రిక గ్రీకులో ఉంది, రాసినాయన చదివింది గ్రీకు పాత నిబంధన. హీబ్రూలో ఆదికాండము 2:2 షావత్, 95వ కీర్తన మెనూఖా, రెండు వేర్వేరు ధాతువులు. గ్రీకు అనువాదకులు మాత్రం రెండింటికీ ఒకే కుటుంబం మాట వాడారు, కటాపౌసిస్. ఆ వంతెన మీదుగానే హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయం వాదన నడుస్తుంది. కీర్తనలో "నా విశ్రాంతి" అన్నాడు కదా, అది ఏ విశ్రాంతి? సృష్టి ముగించి దేవుడు ఆగిన విశ్రాంతి. యెహోషువ వాళ్లని దేశంలోకి తీసుకెళ్లడంతో అది అయిపోయి ఉంటే, తర్వాతెప్పుడో దావీదు "నేడు" అని ఎందుకంటాడు?

అలా కటాపౌసిస్, కటాపౌసిస్ అంటూ వచ్చి, 9వ వచనంలో హఠాత్తుగా మాట మార్చి సబ్బాటిస్మోస్ అంటాడు, షబ్బాత్ ఆచరణ అని. కొత్త నిబంధనలో ఆ మాట ఇంకెక్కడా లేదు. కాబట్టి శనివారం పాటించాలని ఆ వచనం ఆజ్ఞాపిస్తోందా, లేక రాబోయే పరలోక పండుగ గురించా అని సంఘాలు వాదించుకుంటాయి. నా మటుకు నాకు 10వ వచనం దారి చూపిస్తుందనిపిస్తుంది, ఆ విశ్రాంతిలో ప్రవేశించినవాడు దేవుడిలాగే తన పనుల్ని ముగించి ఆగుతాడు. మెనూఖా, షావత్ రెండూ అక్కడ కలిశాయి.

"మీ ప్రాణములకు విశ్రాంతి" అని యేసు అన్నది?

అది యిర్మీయా 6:16 నుంచి. హీబ్రూలో ఇంకో మాట, మర్గోఅ, నెమ్మది. గ్రీకు పాత నిబంధనలో అక్కడ "శుద్ధీకరణ" అన్నట్టు వేరే మాట ఉంటే, మత్తయి మాత్రం హీబ్రూ వైపే మొగ్గాడు. "ప్రాణములకు" అన్నచోట హీబ్రూలో ఉన్నది మన నెఫెషే. ఇది మత్తయి 11 చివర. ఆ తర్వాతి వాక్యమే 12:1, విశ్రాంతి దినాన పంటచేలో శిష్యుల గొడవ. అధ్యాయం గీత అడ్డం రావడంతో మనం రెండూ కలిపి చదవం.

"సబ్బాతు" అంటే వారం అని కూడా అర్థం ఉందా?

ఉంది. లేవీయకాండము 23:15లో ఏడు షబ్బాతులు లెక్కపెట్టమంటే ఏడు వారాలని. లూకా 18:12లో పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటానన్నచోట గ్రీకులో "సబ్బాతుకు రెండుసార్లు" అనే ఉంది, ఒక్క శనివారమే రెండు ఉపవాసాలని కాదు. హీబ్రూలో మిగతా రోజులకు పేర్లు లేవు, మొదటి రోజు, రెండో రోజు అంతే. పేరున్నది షబ్బాత్‌కి ఒక్కదానికే.

మరి శనివారమా, ఆదివారమా?

హీబ్రూ మాట ప్రకారం షబ్బాత్ అంటే శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటిపడే దాకా. క్రైస్తవులు ఆదివారం కూడుకోవడం పునరుత్థానం వల్ల వచ్చింది, షబ్బాత్ అనే పదం అర్థం వల్ల కాదు. మీ సంఘం ఏది పాటించాలన్నది డిక్షనరీ తేల్చే విషయం కాదు.

అక్షరాల బొమ్మల్ని బట్టి షబ్బాత్‌లో సిలువ దాగుందని ఒక ఫార్వర్డ్ వచ్చింది. నిజమేనా?

షిన్ అంటే పన్ను, బేత్ అంటే ఇల్లు, తావ్ అంటే గుర్తు, ప్రాచీన లిపిలో తావ్ సిలువలా ఉండేది, ఇంతవరకూ నిజం. ఆ బొమ్మల్ని కలిపి పదానికి అర్థం తీయడం మాత్రం ఏ భాషలోనూ కుదరదు. అక్షరాలు శబ్దాల్ని రాయడానికి. ఈ పద్ధతిలో మీరు ఏ పదంలోంచైనా ఏ ప్రసంగమైనా తీయొచ్చు, అందుకే అది అంత పాపులర్. ఫార్వర్డ్ చేయకండి.

షబ్బాత్‌ను బబులోను నుంచి అరువు తెచ్చుకున్నారంటారు?

బబులోనువాళ్ల ప్రాచీన భాష అక్కదులో షపత్తు అనే మాట ఉంది, నెలలో 15వ రోజు, పున్నమి. శబ్దం దగ్గరగా ఉంది కాబట్టి కొందరు పండితులు సంబంధం ఉందన్నారు, ఏకాభిప్రాయం రాలేదు. ఒకటి మాత్రం తేడా: చంద్రుడితో పనిలేకుండా ఏడేసి రోజులకు తిరుగుతుంది షబ్బాత్.

తెలుగువాళ్లలో షబ్బాత్ పాటించే యూదులున్నారా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది, తాము ఎఫ్రాయిం గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు, వాళ్లకొక సమాజమందిరం కూడా ఉంది. ఇక క్రైస్తవుల్లో సెవెంత్ డే అడ్వెంటిస్టులు శనివారం ఆచరించడం మీకు తెలిసిందే.

హీబ్రూ రాకుండా ఇవన్నీ సొంతంగా సరిచూసుకోవడం ఎలా?

స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిల్లోని ప్రతి మూల పదానికీ ఇచ్చిన సంఖ్యలు) ఉన్న ఏ ఉచిత బైబిల్ యాప్ అయినా చాలు. షావత్ 7673, షబ్బాత్ 7676, షబ్బాతోన్ 7677, నూఅఖ్ 5117, మెనూఖా 4496, నాఫష్ 5314, మెలాఖా 4399. నంబరు నొక్కి ఆ మాట వచ్చిన వచనాలన్నీ వరసగా చదవండి. నిఘంటువులో ఇచ్చిన నాలుగైదు అర్థాల్లో మీకు నచ్చింది ఏరుకుని వచనంలో దూర్చకండి, చాలామంది బోల్తా పడేది అక్కడే. ఏ అర్థం అన్నది ఆ వాక్యమే చెబుతుంది. నాఫష్‌తో మొదలుపెట్టండి, మూడే వచనాలు కాబట్టి టీ తాగేలోపు అయిపోతుంది.

ఎవరైనా "షబ్బాత్ షాలోమ్" అంటే ఏమనాలి?

తిరిగి "షబ్బాత్ షాలోమ్" అనండి చాలు. శుక్రవారం పగటి నుంచే అనుకుంటారు. శనివారం రాత్రి షబ్బాత్ అయిపోయాక మాత్రం "షావూఆ తోవ్" అంటారు, మంచి వారం అని.